బూ అలీ సీనా రాత్రులు

తెల్లవారుజామున లేచి చదువుకొనే వానిని లోకం మెచ్చుకొంటుంది. ఏ మతస్థులైనా సరే, మన ఇండ్లలోని పెద్దలందరూ ఈ విషయంలో ఏకాభిప్రాయులు. ఒకరు బ్రాహ్మీ ముహూర్తమంటారు, మరొకరు ఫజర్ వేళ అంటారు. చేసే హితబోధ మాత్రం ఒక్కటే. రాత్రి రెండు జాములు దాటిన తరువాత దీపం ముందు కూర్చొనే వానికి దక్కేది గుడ్లగూబ అనే బిరుదు. కండ్లు చెడతాయి, ఒళ్ళు పాడవుతుంది, చమురు దండగ అన్న మందలింపులు దానికి అదనం. అట్టి గుడ్లగూబల కోవకు చెందినవాడే ఈ వ్యాసానికి నాయకుడు. విచిత్రమేమంటే, మనిషి ఎంత నిద్రపోవాలో, ఏ వేళ నిద్రపోవాలో, పోకపోతే ఏ రోగాలు వస్తాయో శతాబ్దాల తరబడి రెండు ఖండాల వైద్యులకు నేర్పిన గ్రంథాన్ని రచించినవాడు కూడా ఆయనే.

ఆయన పూర్తి పేరు అబూ అలీ హుసేన్ బిన్ అబ్దుల్లా బిన్ సీనా. ఫారసీ, ఉర్దూ భాషలవారికి ఆయన బూ అలీ సీనా, లేదా క్లుప్తంగా ఇబ్నె సీనా. లాటిన్ పండితుల నోట ఆ పేరు అవిసెన్నాగా మారింది. నేటి ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారా నగరానికి సమీపాన, అఫ్షనా అనే గ్రామంలో సుమారు 980లో జన్మించాడు. తండ్రి బల్ఖ్ నుండి వచ్చి సామానీ ప్రభువుల కొలువులో ఉద్యోగం చేసినవాడు. తల్లి పేరు సితారా. ఆమె ఆ గ్రామపు ఆడపడుచు. సితారా అంటే నక్షత్రం. రాత్రులను నమ్ముకొని బ్రతికిన కుమారునికి తగిన తల్లి పేరే అది!

ఆయన జీవితం మనకు ఇంత వివరంగా తెలియడానికి ఒక కారణమున్నది. యౌవనం వరకు జరిగినదంతా ఆయనే తన శిష్యునికి చెప్పి రాయించాడు. ఆ తరువాతి కథను ఆ శిష్యుడే కొనసాగించాడు. ఆ శిష్యుని పేరు అబూ ఉబైద్ జూజ్‌జానీ. ఇరువదియైదేండ్లు గురువు వెంట నీడవలె తిరిగినవాడు. గురువు రాత్రుల సంగతి ఇతనికి తెలిసినంతగా మరెవ్వరికీ తెలియదు, ఎందుకంటే ఆ రాత్రులలో అనేకం ఇతడు పక్కనే కూర్చొని గడిపినవే.

బాలుడు అసాధారణుడు. కుటుంబం బుఖారాకు తరలివచ్చిన తరువాత పది సంవత్సరాల ప్రాయానికే ఖురాను, సాహిత్యంలో అధిక భాగం పూర్తి చేశాడు. మన దేశం వారు సంతోషించవలసిన సంగతి మరొకటి కలదు. భారతీయ గణితాన్ని, అనగా మన అంకెలతో లెక్కలు కట్టే పద్ధతిని, నేర్చుకొమ్మని తండ్రి ఆ పిల్లవానిని ఒక కూరగాయల వ్యాపారి వద్దకు పంపాడు. పండితుని వద్దకు కాదు, అంగడివాని వద్దకు! ఈ గడ్డ మీద పుట్టిన అంకెలు వెయ్యేండ్ల క్రితమే బుఖారా బజారులో కాయగూరల తట్టల నడుమ నిత్యవ్యవహారంగా ఉండేవన్నమాట.

తరువాత నాతిలీ అనే గురువు ఇంటికి వచ్చి తర్కం మొదలుపెట్టాడు. యూక్లిడ్ రేఖాగణితంలో మొదటి అయిదారు ప్రతిజ్ఞలు గురువు చెప్పాడు. మిగిలిన గ్రంథమంతా శిష్యుడు తనంతట తానే పూర్తి చేశాడు. టాలమీ ఖగోళ గ్రంథం దగ్గరకు వచ్చేసరికి ఎవరు గురువో ఎవరు శిష్యుడో చెప్పలేని స్థితి ఏర్పడింది. నాతిలీ సెలవు తీసుకొని వెళ్ళిపోయాడు. వైద్యశాస్త్రం కష్టమైన విద్యల కోవలోనిది కాదని ఆ బాలుని అభిప్రాయం. నేటి వైద్య విద్యార్థులు ఈ మాట విని కోపగించుకోవచ్చును. ఏమైనప్పటికి పదహారేండ్ల వయసుకే పేరున్న వైద్యులు ఆయన వద్ద పాఠం చదువుకొనేవారు, రోగులను చూసి చికిత్సలో అనుభవం కూడా గడించాడు.

ఆయన రాత్రుల కథ ఇక్కడ మొదలవుతుంది. ఆ తరువాతి ఏడాదిన్నర కాలం ఆయన తర్కాన్నీ తత్త్వశాస్త్రంలోని అన్ని భాగాలనూ మొదటి నుండి తిరిగి చదివాడు. ఆ ఏడాదిన్నరలో ఒక్క రాత్రి కూడా పూర్తిగా నిద్రపోలేదు. పగలు మరొక పని ముట్టలేదు. తన ముందు కాగితాల కట్టలు పెట్టుకొని, ప్రతి వాదాన్నీ దాని ఆధారవాక్యాలుగా విడదీసి, ఏది దేని నుండి వస్తున్నదో వరుసగా రాసుకొనేవాడు. ఎక్కడైనా ముడి విడకపోతే మసీదుకు వెళ్ళి నమాజు చేసి, ఆ ముడి విప్పుమని సృష్టికర్తను వేడుకొనేవాడు. చీకటి పడగానే ఇంటికి వచ్చి దీపం ముందుంచుకొని మళ్ళీ చదువు, మళ్ళీ రాత. ఎప్పుడో కన్ను మూతపడితే కలలో కూడా ఆ సమస్యలే కనిపించేవి. మేల్కొని ఉన్నప్పుడు తేలని ప్రశ్నలు పెక్కు నిద్రలో తేలిపోయినవని ఆయన చెప్పుకొన్నాడు. అనగా ఆయన నిద్ర కూడా ఒక విధమైన పనియే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నిద్ర ముంచుకొచ్చినప్పుడు, శరీరం సడలినప్పుడు, ఆయన ఒక పాత్ర మద్యం సేవించి, సత్తువ కూడదీసుకొని తిరిగి పుస్తకం ముందు కూర్చొనేవాడు. అరబ్బీలో శరాబ్ అనే మాటకు పానీయమని సామాన్యార్థం ఉన్న మాట నిజమే. దానిని ఆసరా చేసుకొని షర్బతని సర్దిచెప్పడం సులభం. కాని తరువాతి జీవితంలో జరిగినవన్నీ చూస్తే అట్టి సర్దుబాటుకు తావు లేదు. ఆయన విద్వత్తును గౌరవించడానికి ఆయన అలవాట్లన్నింటినీ సమర్థించవలసిన అగత్యం మనకు లేదు. పండితులను మేల్కొలిపే కాఫీ ఆనాడు లేదు. అది అరబ్బు దేశాలలో వాడుకలోకి వచ్చింది 15వ శతాబ్దంలో.

అన్ని శాస్త్రాలూ లొంగినవి గాని, అరిస్టాటిల్ రచించిన అధిభౌతిక శాస్త్రం మాత్రం లొంగలేదు. నలుబది పర్యాయాలు చదివాడు. గ్రంథం కంఠస్థమయింది, భావం మాత్రం బోధపడలేదు. ఇక ఇది అర్థమయ్యే మార్గం లేదని విడిచిపెట్టాడు. ఒకనాటి అపరాహ్ణం పుస్తకాల బజారులో తిరుగుతుండగా ఒక దలాలీ చేతిలో పుస్తకం పట్టుకొని కొనుమని వెంటబడ్డాడు. ఆ శాస్త్రం పేరు వినగానే విసుగుతో తిరస్కరించాడు. అమ్మేవాడు డబ్బు అవసరంలో ఉన్నాడు, మూడు దిర్హములకే ఇస్తానన్నాడు దలాలీ. సరేనని కొన్నాడు. తీరా చూస్తే అది అరిస్టాటిల్ గ్రంథపు ఉద్దేశాలను గూర్చి ఫారాబీ రాసిన చిన్న పుస్తకం! ఇంటికి పరుగెత్తి చదివాడు. మూలం కంఠస్థంగా ఉండడం చేత తలుపులన్నీ ఒక్కసారి తెరచుకొన్నవి. మరునాడు కృతజ్ఞతగా పేదలకు చాలా దానం చేశాడు. నలుబది పఠనాల శ్రమ వృథా కాలేదు. దానికి తాళపుచెవి మూడు దిర్హములకు దొరికింది.

అప్పటికి బుఖారా ప్రభువు నూహ్ బిన్ మన్సూర్ రోగగ్రస్తుడైనాడు. ఆస్థాన వైద్యులతో పాటు ఈ యువకుని కూడా పిలిచారు. చికిత్స ఫలించిన పిదప యువకుడు కోరింది రాజగ్రంథాలయంలో ప్రవేశం. అనేక గదుల భవనమది. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క శాస్త్రం, పెట్టెలలో ఒకదానిపై ఒకటి పేర్చిన పుస్తకాలు. ప్రాచీనుల గ్రంథాల పట్టిక అడిగి తీసుకొని, కావలసినవన్నీ చదివాడు. పదునెనిమిదవ ఏట ఆయన చదువు ముగిసింది. ఆ తరువాత తన జ్ఞానం పక్వమయిందే తప్ప కొత్తగా చేరిందేమీ లేదని ఆయన ఉద్దేశం. వినయం ఆయన గుణాలలో ఒకటని ఎవరూ అనలేదు.

తండ్రి మరణించాడు, సామానీల రాజ్యం కూలిపోయింది. అప్పటి నుండి పది పన్నెండేండ్లు దేశ సంచారమే. గుర్గంజ్, నసా, తూస్, జాజర్మ్ మొదలైన ఊళ్ళన్నీ దాటి కాస్పియన్ సముద్ర ప్రాంతంలోని జుర్జాన్ చేరాడు. పండిత పోషకుడని పేరుపొందిన ఖాబూస్ ప్రభువును ఆశ్రయించాలని ఆయన సంకల్పం. కాని ఆయన చేరేలోగానే ఖాబూస్‌ను సొంత మనుషులే బంధించారు. ఆ బంధనంలోనే ఆయన చనిపోయాడు. ఈ ఖాబూస్ ప్రసంగం చివర మరొకసారి వస్తుంది. ఆశ్రయం దొరకకపోయినా జుర్జాన్‌లో శిష్యుడు దొరికాడు, జూజ్‌జానీ. వైద్యంలో మహాగ్రంథమైన అల్ ఖానూన్ రచన కూడా అక్కడే ఆరంభమయింది.

అక్కడి నుండి రయ్, ఖజ్వీన్, చివరకు హమదాన్. హమదాన్ అమీరు షమ్స్ ఉద్దౌలా కులంజ్ అనే తీవ్రమైన ఉదరశూలతో బాధపడుతున్నాడు. ఇబ్నె సీనా నలుబది రోజులు రేయింబవళ్ళు అక్కడే ఉండి నయం చేశాడు. ఆ కృతజ్ఞతతో అమీరు ఆయనను వజీరుగా నియమించాడు. కులంజ్ అన్న ఈ రోగం పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆయనకు పదవి ఇచ్చింది అదే.

వజీరు పదవి పూలపాన్పు కాలేదు. జీతాల విషయంలో సైనికులు తిరగబడి, ఆయన ఇల్లు చుట్టుముట్టి, సర్వస్వం దోచుకొని, ఆయనను చంపవలసిందిగా అమీరును కోరారు. అమీరు చంపలేదు గాని పదవి నుండి తొలగించాడు. ఒక మిత్రుని ఇంట నలుబది రోజులు దాగి ఉన్నాడు. ఇంతలో అమీరుకు మళ్ళీ కులంజ్ వచ్చింది. వైద్యుని వెదికించి, క్షమాపణ చెప్పి, మళ్ళీ వజీరును చేశాడు!

ఈ రెండవ వజీరు కాలమే ఆయన రాత్రులలో కెల్ల సుప్రసిద్ధమైనది. అరిస్టాటిల్ గ్రంథాలకు వ్యాఖ్యానం రాయవలసిందిగా జూజ్‌జానీ అర్థించాడు. అంత తీరిక లేదని, ఇతరుల వాదాలను ఖండించే పని పెట్టుకోకుండా తనకు సత్యమని తోచిన దానిని మాత్రం ఒక గ్రంథంగా రాస్తానని గురువు అంగీకరించాడు. అదే అష్‌షిఫా. పేరు చూసి వైద్యగ్రంథమనుకొంటారు. కాని అది తర్కం, ప్రకృతి శాస్త్రం, గణితం, అధిభౌతికం అనే నాలుగు విభాగాల విజ్ఞాన సర్వస్వం. ఆత్మకు చికిత్స అన్న అర్థంలో ఆ పేరు. వైద్యానికి ఖానూన్, తత్త్వానికి షిఫా. రెండూ ఏకకాలంలో సాగినవి.

ఎప్పుడు సాగినవి? పగలంతా అమీరు కొలువు: సైన్యం, ఖజానా, అర్జీలు, తగవులు. ఒక రాజ్యపు వజీరుకు పగటిపూట పుస్తకం తెరిచే అవకాశం ఎక్కడిది? కనుక చీకటి పడిన పిదప విద్యార్థులు గురువుగారింట చేరేవారు. వంతులు వేసుకొని జూజ్‌జానీ షిఫా నుండి చదివేవాడు, మరొకడు ఖానూన్ నుండి చదివేవాడు. గురువు వివరించేవాడు. పాఠం ముగిసిన తరువాత గాయకులు వచ్చేవారు, పానగోష్ఠి జరిగేది. తెల్లవారితే మళ్ళీ కొలువు. రాత్రి బోధన ఎందుకంటే పగలు అమీరు సేవ వలన తీరిక లేకపోవుటచేతనని శిష్యుడు స్పష్టంగా కారణం చెప్పాడు.

ఇది చదివినప్పుడు నాకొక భేదం తోస్తుంది. బుఖారాలో పదహారేండ్ల కుర్రవాడు రాత్రంతా మేల్కొన్నది ఇష్టంతో. అతనికి పగలు కూడా తనదే, అయినా చాలలేదు. హమదాన్‌లో వజీరు మేల్కొన్నది గత్యంతరం లేక. పగటిని జీతానికి అమ్ముకొన్నవానికి మిగిలిన ఆస్తి రాత్రి ఒక్కటే. పగలు కచేరీలోనో దుకాణంలోనో పనిచేసి, సాయంకాలం కళాశాలకు వచ్చి, భోజనానంతరం పుస్తకం తెరిచే విద్యార్థులు మన నగరాలలో ఎందరో కలరు. వారికి మొదటి ఇబ్నె సీనా కంటె ఈ రెండవ ఇబ్నె సీనాయే దగ్గరి చుట్టం.

1021లో షమ్స్ ఉద్దౌలా దండయాత్ర దారిలో మరణించాడు. కారణం మళ్ళీ కులంజే. ఈసారి వైద్యుని పథ్యం ఆయన పాటించలేదు. కొత్త ప్రభువు వజీరు పదవి ఇవ్వజూపినా ఇబ్నె సీనా అంగీకరించక, ఇస్ఫహాన్ పాలకుడైన అలా ఉద్దౌలాకు రహస్యంగా లేఖ రాసి, ఒక మందుల వ్యాపారి ఇంట దాగినాడు. షిఫా పూర్తి చేయుమని శిష్యుడు అక్కడ కూడా వదలలేదు. కాగితం, సిరా తెప్పించాడు గురువు. చేత ఒక్క పుస్తకం లేదు. రెండు రోజులలో ముఖ్య విషయాల శీర్షికలన్నీ జ్ఞాపకం నుండి సుమారు ఇరువది చిన్న కట్టలలో రాశాడు. తరువాత వాటిని ముందుంచుకొని రోజుకు యాబది ఆకుల చొప్పున రాసి, జంతువుల భాగం మొదలైనవి తప్ప ప్రకృతి శాస్త్రాన్నీ అధిభౌతికాన్నీ ముగించాడు. ప్రాణభయంతో దాగినవాని చేతి నుండి రోజుకు యాబది ఆకులు!

లేఖ సంగతి బయటపడింది. ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు నిర్బంధం. అక్కడ కూడా కలం ఆగలేదు. ఆ కోటలో రాసిన వాటిలో కులంజ్ రోగాన్ని గూర్చిన పుస్తకమొకటి. విడుదలైన కొంతకాలానికి తమ్ముడు, జూజ్‌జానీ, ఇద్దరు సేవకులతో సూఫీ వేషం వేసుకొని హమదాన్ నుండి తప్పించుకొని ఇస్ఫహాన్ చేరాడు. అక్కడ ఆదరణ లభించింది. ప్రతి శుక్రవారపు రాత్రి ప్రభువు సమక్షంలో పండిత సభ జరిగేది. ఏ శాస్త్రంలోనైనా ఆయనను మించినవారు ఆ సభలో కనబడలేదు.

ఇస్ఫహాన్ నాటి ఒక రాత్రిని జూజ్‌జానీ మనకు భద్రపరచి ఇచ్చాడు. షీరాజ్ నగర పండితులు ఆయన తర్క గ్రంథమొకటి చదివి, కొన్ని సందేహాలు కలిగి, ప్రశ్నలన్నీ ఒక కట్టగా రాసి కిర్మానీ అనే విద్వాంసుని ద్వారా పంపారు. అది మండువేసవి. పొద్దు పసుపు పచ్చబడుతున్న వేళ కిర్మానీ ఆ కట్టను తెచ్చి ఇచ్చాడు. చుట్టూ జనం కబుర్లు చెప్పుకొంటూ ఉండగా ఇబ్నె సీనా ఆ ప్రశ్నలపై కన్ను వేసి ఉంచాడు. కిర్మానీ వెళ్ళగానే తెల్ల కాగితం తెమ్మన్నాడు. శిష్యుడు కాగితం కత్తిరించి, కట్టకు పది ఆకుల వంతున అయిదు కట్టలు కట్టాడు. ఇషా నమాజు పూర్తయింది. కొవ్వొత్తులు వెలిగించారు. పానపాత్రలు వచ్చినవి. శిష్యునీ తమ్మునీ కూర్చుండబెట్టుకొని ఆయన సమాధానాలు రాయడం మొదలుపెట్టాడు. రాయడం, త్రాగడం, మళ్ళీ రాయడం. అర్ధరాత్రి అయింది. శిష్యునికి, తమ్మునికి కండ్లు మూతపడినవి. వెళ్ళి పడుకొమ్మని పంపివేశాడు. తెల్లవారి తలుపు తట్టిన చప్పుడయింది. గురువు రమ్మన్నాడని కబురు. జూజ్‌జానీ పరుగున వెళ్ళి చూస్తే ఆయన జానమాజు మీద కూర్చొని ఉన్నాడు. ఎదుట అయిదు కట్టలు, నిండిపోయి. వీటిని కిర్మానీకి ఇచ్చి, షీరాజ్ వెళ్ళవలసిన మనిషికి ఆలస్యం కాకూడదని తొందరగా రాసినానని చెప్పమన్నాడు. ఈ వార్త విన్నవారందరూ నివ్వెరపోయారు.

ఈ సంఘటనలో నన్ను ఆకర్షించేది వేగం కాదు. పొద్దున్న ఆయన కూర్చున్న చోటు. మద్యపాత్ర, కలం, జానమాజు ఈ మూడూ ఒకే రాత్రిలో ఉన్నవి. శిష్యుడు దేనినీ దాచలేదు, దేనికీ వ్యాఖ్యానం చేయలేదు. గురుభక్తి గలవాడు ఇంత నిజాయితీగా రాయడం అరుదు.

వేగానికి కారణం కూడా శిష్యుడే చెప్పాడు. ఇరువదియైదేండ్లలో ఆయన ఒక కొత్త పుస్తకాన్ని మొదటి నుండి చివర వరకు వరుసగా చదవగా తాను చూడలేదట. నేరుగా కఠినమైన ఘట్టాలకు వెళ్ళి, అక్కడ గ్రంథకర్త ఏమన్నాడో చూసి, అతని స్థాయిని నిర్ణయించేవాడు. అయితే యౌవనంలో నలుబది సార్లు ఒకే పుస్తకం చదివిన వానికే ఈ అధికారం దక్కుతుంది. పరీక్షకు ముందటి రాత్రి ముఖ్య ప్రశ్నలు మాత్రం తిరగవేసే మన విద్యార్థి మిత్రులు ఈ మొదటి సగాన్ని వదలి రెండవ సగాన్ని ఆదర్శంగా తీసుకోరాదు.

ఇక ఖానూన్ నిద్రను గూర్చి ఏమి బోధిస్తున్నది? ఆ గ్రంథం అయిదు సంపుటాలు: వైద్య మూలసూత్రాలు, ఏడెనిమిది వందల ఔషధ ద్రవ్యాలు, శిరస్సు నుండి పాదాల వరకు వచ్చే రోగాలు, జ్వరం మొదలైన సర్వాంగ వ్యాధులు, మిశ్రమ ఔషధాలు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలేడో నగరంలో జెరార్డ్ అనే పండితుడు దానిని లాటిన్ భాషలోకి తెచ్చాడు. 1593లో అరబ్బీ మూలం రోము నగరంలో ముద్రణ పొందింది. ఐరోపా విశ్వవిద్యాలయాలలో 17వ శతాబ్దం వరకు అది పాఠ్యగ్రంథం. యూనానీ వైద్యంలో నేటికీ మూలస్తంభమే. హైదరాబాదులో చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కళాశాల విద్యార్థిని అడిగితే అస్బాబె సిత్తా జరూరియా, అనగా ఆరోగ్యానికి అనివార్యమైన ఆరు హేతువులు, వరుసగా వల్లిస్తాడు: గాలి, అన్నపానాలు, శరీర చలన విశ్రాంతులు, మనస్సు చలన విశ్రాంతులు, నిద్రా జాగరణలు, శరీరంలో నిలుపుదల విసర్జనలు. నిద్రకు గాలితోను, అన్నంతోను సమాన స్థానం ఇచ్చినదన్నమాట ఈ శాస్త్రం.

అతి జాగరణ మెదడును ఎండబెడుతుంది, బుద్ధిని చెదరగొడుతుంది, శరీర ధాతువులను దహిస్తుంది, జీర్ణశక్తిని చెరుస్తుంది అని ఆయన శాసనం. పగటి నిద్ర అనేక రోగాలకు మూలమని హెచ్చరిక. రాత్రి గాఢంగా, ఆహారం కడుపు నుండి దిగిన తరువాత పోయే నిద్ర శ్రేష్ఠమని విధి. ఇదంతా రాసిన చేయి ఏ వేళ రాసిందో తలచుకొంటే చిరునవ్వు రాక మానదు. అయితే ఆ అధ్యాయంలోనే ఒక మెలిక కలదు. పగటి నిద్ర అలవాటైన వాడు దానిని ఒక్కసారిగా మానరాదు, క్రమక్రమంగా మానుకోవాలి. అలవాటు కూడా ఒక ప్రకృతియేనని ఆయన ఎరుగును. రెండు జాముల తరువాత బుద్ధి వికసించేవారు కొందరుంటారన్న సంగతి నేటి శాస్త్రం కూడా అంగీకరించింది. ప్రతి ప్రాణి కణాలలోను ఒక కాలగడియారం ఉన్నదని, అది అందరిలో ఒకే వేళకు నడవదని తేలింది. ఆ గడియారపు యంత్రాంగాన్ని కనుగొన్న ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానం లభించింది. ఇబ్నె సీనా గడియారం ఏ వేళకు నడిచేదో ఇప్పుడు చెప్పగలవారు లేరు. అమీరుల కొలువు లేని ఉద్యోగమొకటి దొరికి ఉంటే ఆయన పగలు రాసేవాడా అన్నదీ తేలని ప్రశ్నయే. నాకైతే అయినా రాత్రే రాసేవాడనిపిస్తుంది. బుఖారా కుర్రవానికి ఏ అమీరూ అడ్డు లేడు కదా!

శరీరం మాత్రం లెక్క అడిగింది. అలా ఉద్దౌలాతో యుద్ధయాత్రలో ఉండగా ఆయనకే కులంజ్ వచ్చింది. సైన్యం వెనుకకు తగ్గవలసి వస్తే తాను కదలలేనేమో అన్న భయంతో త్వరగా నయం చేసుకోవాలని ఒక్కరోజు ఎనిమిది సార్లు వస్తికర్మ చేయించుకొన్నాడు. ప్రేగులు పుండ్లు పడినవి. మందులో రెండు దానిఖుల అజ్‌మోదం గింజలు వేయమంటే, కలిపిన వైద్యుడు అయిదు దిర్హముల ఎత్తు వేశాడు. అది తప్పిదమో, కావాలని చేసిందో తెలియదని శిష్యుడు రాశాడు. ఆయన ధనాన్ని అపహరించిన సేవకులు పట్టుబడతామని భయపడి ఔషధంలో నల్లమందు అధికంగా కలిపారు. కులంజ్‌తో పదవి పొంది, కులంజ్‌ను గూర్చి గ్రంథం రాసి, చివరకు కులంజ్‌కే చిక్కాడు. భోగాలలో మితం పాటించకపోవడం ఆయన దేహాన్ని క్రుంగదీసిందని జూజ్‌జానీ అభిప్రాయం. రాత్రి చదువును మాత్రం ఆయన నిందించలేదు. నిందిస్తే తనకూ అందులో భాగమున్నది. షిఫా రాయుమని వెంటబడినది తానే గదా.

కొంత కోలుకొని, మళ్ళీ పడి, హమదాన్ చేరేసరికి తన శరీరాన్ని పాలించే శక్తి ఇక తనను పాలించలేదని వైద్యుడు గ్రహించి, చికిత్స నిలిపివేశాడు. ఉన్న ధనం పేదలకు పంచి, బానిసలను విడుదల చేసి, ఖురాను పఠిస్తూ చివరి దినాలు గడిపాడని జీవితకర్తలు చెబుతారు. హిజ్రీ 428 రంజాన్ మాసంలో, అనగా 1037లో, కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు యాబదియేడు.

హమదాన్‌లో ఆయన సమాధిపై 1950లలో ఇరాన్ ప్రభుత్వం ఒక స్మారక భవనం నిర్మించింది. దానిపై లేచిన గోపురానికి నమూనా మరొక పాత సమాధి గోపురం: జుర్జాన్ ప్రాంతంలో నిలిచియున్న గుంబదె ఖాబూస్. యౌవనంలో ఎన్ని ఊళ్ళు దాటి వెళ్ళినా దొరకని ఆ ప్రభువు నీడ ఇట్లు తొమ్మిది శతాబ్దాల తరువాత దొరికింది.

ఆయన గ్రంథాలన్నీ మిగలలేదు. ఇరువదియెనిమిది వేల సమస్యలను విచారించిన అల్ ఇన్సాఫ్ అనే బృహద్గ్రంథం గజనీ సైన్యాల దోపిడీలో పోయింది. అలా ఉద్దౌలా కోసం ఫారసీలో రాసిన దానిష్‌నామాలో గణిత భాగం కనబడలేదు. అప్పటికి గురువు లేడు. జూజ్‌జానీ ఆయన పాత రచనలు వెదకి, క్షేత్రగణితం, ఖగోళం, సంగీతం మొదలైనవాటిని ఏరి, ఫారసీలోకి మార్చి, ఆ ఖాళీని తన చేతితో పూరించాడు.